ఫోనే అంటే గొంతు

నంద్యాల బస్టాండుకు కాస్త దూరంలో, ఒక చెప్పుల అంగడి పైన, రెండు గదుల్లో నేను కంప్యూటర్ నేర్పిస్తాను. పదహారేళ్ళుగా ఇదే పని. కొత్తగా చేరిన పిల్లలకు మొదటిరోజే ఒక మాట చెబుతాను: ఏ పని చేసినా రెండు చోట్ల దాచుకోండి, ఒక్కచోట దాచింది దాచనట్టే. గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాను కూడా. ఇప్పుడు ఆ గోడ వైపు తలెత్తి చూడాలంటే నాకు సిగ్గు.

మా నాయన ఆళ్ళగడ్డలో బడిపంతులుగా పనిచేసి రిటైరయ్యాడు. ఆదివారాలు చర్చిలో వాక్యం చెప్పేవాడు. వయసులో ఉన్నప్పుడు రెండేళ్ళు పాస్టర్ల చదువు చదివి, అక్కడ గ్రీకు నేర్చుకుని, ఆ చదువు మధ్యలో వదిలేసి బడిలో చేరాడు. పాస్టరు కాలేదు గానీ గ్రీకు మాత్రం ఆయనను వదల్లేదు. అయితే ఆళ్ళగడ్డలో గ్రీకు వినేవాళ్ళెవరు? నలభై ఏళ్ళు దాన్ని లోపలే దాచుకున్నాడు. నేను కంప్యూటర్ నేర్పడం మొదలుపెట్టాక ఆయనకు నేను దొరికాను.

ప్రతి శనివారం పొద్దున్నే బస్సెక్కి, అహోబిలం చూసి వచ్చే జనం మధ్య ఇరుక్కుని, నా సెంటర్‌కు వచ్చేవాడు. వెనక బెంచీ మీద కూర్చుని, నేను పాఠంలో వాడిన మాటల్ని చిన్న కాగితం మీద రాసుకునేవాడు. పాఠం అయిందంటే చాలు, నా వంతు వచ్చేది.

"పాపా, ఐకాన్ ఐకాన్ అంటాండావే, అంటే ఏందీ?"

"నొక్కితే తెరుచుకునే బొమ్మ నాయనా."

"ప్రతిమ. గ్రీకులో ఐకోన్. మనూర్లో రాళ్ళు చెక్కే వీధి నిండా ఐకాన్లే. వాటి ముందర్నుంచే పదేండ్లు బడికి పోయినావు. ఏం చూసినావో ఏమో."

గిగా అంటే రాక్షసాకారుడట. నానో అంటే మరుగుజ్జు. సైబర్‌కు మూలమైన మాటకు అర్థం ఓడ నడిపేవాడు. ప్రోగ్రామ్ అంటే నలుగురికీ తెలిసేలా ముందుగా రాసిపెట్టినది. సింబల్ అంటే మరీ విచిత్రం: ఒక పెంకును రెండు ముక్కలు చేసి, ఇద్దరు చెరొక ముక్క దాచుకుని, ఎన్నాళ్ళకో కలిసినప్పుడు రెండూ అతికించి చూసుకుని, నువ్వు మావాడివే అని గుర్తుపట్టడం. కంప్యూటర్ అనే మాట మాత్రం గ్రీకు కాదు, లాటిన్. ఆ సంగతి చెప్పేటప్పుడల్లా ఆయన గొంతు కొంచెం తగ్గేది, తన వైపు వాళ్ళదే ఏదో తప్పు జరిగినట్టు.

నేను ఈ మాటలన్నీ వింటూ ఉండేదాన్ని అని రాయాలని ఉంది. వినలేదు. సగం చెవి ఆయన మీద, మిగతాదంతా పనిచెయ్యని ప్రింటర్ మీద. అందుకే ఒకసారి చిరాకుపడి, "నాకు చెప్పేది కాదు నాయనా, రాసిపెట్టు, పిల్లలకు ఒక చిన్న పుస్తకం చేసిద్దాం" అని మంచి ఫోన్ ఒకటి కొనిచ్చాను. వదిలించుకోవడానికే ఇచ్చాను. ఆయన మాత్రం నిజంగా రాయడం మొదలుపెట్టాడు.

ఆ మొదటిరోజు జరిగిన గొడవ నాకు బాగా గుర్తుంది.

"ఏ మాటతో మొదలుపెడతావు నాయనా?"

"ఫోనే."

"రాసేది ఫోన్లోనే లే. మొదటి మాట ఏది అని అడుగుతాండా."

"అదే చెప్తాండా గదా. ఫోనే."

"సరే నాయనా, ఫోనే. మాట ఏదీ?"

వెనక కూర్చున్న ఆడపిల్లలు నవ్వేదాకా ఇద్దరం ఒకరినొకరు తిట్టుకున్నంత పని చేశాం. తర్వాత ఆయనే నెమ్మదిగా చెప్పాడు. "ఫోనే అంటే గ్రీకులో గొంతు పాపా. మనిషి గొంతు. దూరాన్నుంచి వచ్చే గొంతు టెలిఫోన్. నువ్వు ఇచ్చింది వస్తువు కాదు, గొంతు."

మూడేళ్ళు రాశాడు, ఒకే వేలితో. గ్రీకు మాట ఇంగ్లీషు అక్షరాల్లో, అర్థం తెలుగులో. అక్కడ మళ్ళీ మా ఇద్దరికీ పడేది కాదు. ఐకోన్ రాస్తే అందులో రెండు ఓలు పక్కపక్కన ఉండేవి. ఒకటి నేను తీసేసేదాన్ని. మరుసటి శనివారానికి రెండూ మళ్ళీ ఉండేవి.

"స్పెల్లింగ్ తప్పు నాయనా. చూసినోళ్ళు నవ్వుతారు."

"ఇంగ్లీషోడికి ఒకటే ఓ. గ్రీకోళ్ళకు మనకు మాదిరి ఒ వేరే, ఓ వేరే. ఎ వేరే, ఏ వేరే. దీర్ఘం యాడుంటే ఆడ అక్షరం రెండుసార్లు కొడతా. తెలుగు వచ్చినోడు గ్రీకు సరిగ్గా పలుకుతాడు పాపా, వాళ్ళకే రాదు."

ఆ పట్టిక రెండువందల మాటలు దాటిందని ఒకరోజు సంబరంగా చెప్పాడు. నేను "బాగుంది నాయనా" అన్నాను, స్క్రీన్ మీంచి తల తిప్పకుండా.

ఒకసారి ఆయన ఫోన్‌ను బస్సులో మరిచిపోయాడు. కండక్టరు మంచివాడు కాబట్టి రెండోరోజు చేతికొచ్చింది. అప్పుడు నాలోని టీచరమ్మ లేచింది. వేలిముద్రతో గానీ, పాస్‌వర్డ్‌గా పెట్టుకున్న మాటతో గానీ తెరుచుకునేలా లాక్ పెట్టాను. పదిహేనుసార్లు తప్పు మాట కొడితే లోపలున్నదంతా దానంతటదే తుడుచుకుపోయే ఏర్పాటు కూడా పెట్టాను. ఎవరికీ తట్టని మాట పెట్టుకో అని ఫోన్ ఆయనకిచ్చాను. ఆయన అటు తిరిగి, పరీక్ష రాసే పిల్లాడిలా చెయ్యి అడ్డం పెట్టుకుని కొట్టాడు.

"నీకు తెలిసిన మాటే పాపా. మొదటి మాట."

అంతకు ముందే, ఫోన్ కొనిచ్చిన కొత్తలో, ఆయన రాయడం మొదలుపెట్టక మునుపే, ఇంకో తెలివైన పని కూడా చేశాను. మధ్యాహ్నానికే నెట్ అయిపోతోందని, పాటలు రావడం లేదని ఆయన అంటే, ఫోన్లో రాసింది ఎప్పటికప్పుడు మరోచోట కూడా చేరే సింక్‌ను ఆపేశాను. సింక్ కూడా గ్రీకేనట: కూడి ఒకే కాలంలో నడవడం. వచ్చే వారం మళ్ళీ పెడతాలే అనుకున్నాను. ఎన్ని వారాలు అలా అనుకున్నానో నాకే తెలియదు.

ఒక శనివారం ఆయన రాలేదు. పదకొండు గంటలకు ఆళ్ళగడ్డలో ఆయన పక్కింట్లో ఉండే శిల్పి ఫోన్ చేశాడు. "అక్కా, సార్ పడిపోయినాడు. నంద్యాలకే తెస్తాండాం. ఆస్పత్రి కాడికి రా." కుడి చెయ్యి పడిపోయింది. నోరు పక్కకు జారింది. మాట పోయింది. డాక్టరు కాగితం మీద రాసిన జబ్బు పేరు చూశాను: అఫేసియా. నాకు ఎవరూ అర్థం చెప్పనక్కర్లేదు. ముందున్న అ అంటే లేదు అని, అన్యాయం, అసత్యం అని మనం అన్నట్టే గ్రీకులో కూడా అని ఆయనే చెప్పాడు. అఫేసియా, మాట లేకపోవడం. ఆ ఒక్క పదం ఆయన నాకు వేరుగా చెప్పలేదు, అయినా విడదీయడం వచ్చింది.

"బాగా అలవాటైన మాటలు వినిపిస్తా ఉండండమ్మా. ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది" అన్నాడు డాక్టరు. ప్రార్థన చెప్పాను. చర్చి పాటలు పాడాను. ఆయన పైకప్పు వైపే చూస్తున్నాడు. ఏం తోచక, "నాయనా, ఐకోన్" అన్నాను. కళ్ళు గబుక్కున నా వైపు తిరిగాయి. "ఐకోన్ అంటే ప్రతిమ" అన్నాను. పెదవి కదిలింది. శబ్దం రాలేదు గానీ కదిలింది. అది చాలు నాకు. ఆ రెండువందల మాటలు దొరికితే మా నాయన తిరిగొస్తాడని నేను గట్టిగా నమ్మాను.

ఆయన పడినప్పుడు ఫోన్ కూడా పడి ఆగిపోయింది. మళ్ళీ వెలిగాక వేలిముద్ర ఒప్పుకోలేదు, మాటే కావాలంది. అలవాటు లేని ఎడమ చేతికి ఇస్తే, ఆ నీరసంలో వేళ్ళు వశం కాలేదు, జారిపోయింది. ఫోన్లు బాగుచేసే అంగళ్ళు మూడు తిరిగాను. అందరిదీ ఒకే మాట: "తెరవాలంటే తుడిచేయాల్సిందే అక్కా."

మొదటి మాట అన్నాడు కదా, ఇంకేముంది అనుకుని మొట్టమొదట ఫోన్ అనే కొట్టాను. ఇంగ్లీషులో అందరూ రాసేట్టు, ఐదక్షరాలు. తప్పు అంది. అయితే అది కాదన్నమాట అని కొట్టేసి ముందుకు పోయాను. మొదలు అనే అర్థానికి గ్రీకు మాట ఆర్ఖే, అది కాదు. వాళ్ళ మొదటి అక్షరం ఆల్ఫా, అది కాదు. వాక్యం అనే అర్థానికి లోగొస్, అదీ కాదు. ఆయన మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, కాగితం మీద ఒక్కో మాట రాసుకుని, స్పెల్లింగ్ రెండుసార్లు సరిచూసుకుని కొట్టేదాన్ని. సరైన స్పెల్లింగ్ కోసం నెట్‌లో నిఘంటువులు కూడా వెతికాను. నాలుగు రోజుల్లో పద్నాలుగు అయిపోయాయి.

అక్కడ ఆగాల్సింది. ఎవరైనా ఆగుతారు. కానీ ఆయన రోజురోజుకీ గోడ వైపు తిరిగి పడుకుంటున్నాడు, ఐకోన్ అన్నా కళ్ళు తిప్పడం లేదు. నాకు పిచ్చెక్కినట్టయింది. అప్పుడు తట్టింది: పాపా. పుట్టినప్పటినుంచీ ఆయన నన్ను పిలిచే మాట. గ్రీకులో దాదాపు అదే మాటకు తండ్రి అని అర్థమని ఒకసారి నవ్వుతూ చెప్పాడు కూడా. నాకు తెలిసిన మాట, మొదటి మాట. ఇంక అనుమానమే లేదు. ఆయన ఫోన్ లోపల ఉన్నది నేనే అని గర్వంగా, ఏడుస్తూ కొట్టాను.

తెర నల్లబడింది. కాసేపటికి ఒక గీత మెల్లగా ఎడమ నుంచి కుడికి నిండుతూ పోయింది. తుడుచుకుపోతోందని నాకు తెలుసు. అదెలా జరుగుతుందో పిల్లలకు పాఠం చెప్పేదాన్ని, నాకు తెలియదా. ఆపడానికి ఏమీ లేదు. చూస్తూ కూర్చున్నాను.

ఆస్పత్రి నుంచి నంద్యాలలో నా ఇంటికి తెచ్చుకున్నాను. మూడు వారాలకు ఎడమ చెయ్యి కాస్త స్వాధీనంలోకి వచ్చింది. ఆ చేతిని చెవి దగ్గర పెట్టి ఫోన్ ఏదని సైగ చేసేవాడు. "ఛార్జింగ్‌లో ఉంది నాయనా" అనేదాన్ని. రోజుకు నాలుగుసార్లు అదే సైగ, అదే అబద్ధం. చివరికి ఒక ఉదయం నేనే ఆయన కోసం తెరిచిన పాత మెయిల్‌తో ఫోన్‌ను మళ్ళీ మొదలుపెట్టాను. కొత్త మాట ఒకటి పెట్టుకోమని అడుగుతుండగా పొయ్యి మీద జావ పొంగింది. ఫోన్ మంచం మీద పెట్టి పరుగెత్తాను.

తిరిగొచ్చేసరికి ఆయన ఎడమ వేలితో ఏదో కొడుతున్నాడు. ఫోన్ అదే మాట రెండోసారి కొట్టమంది. విసుక్కున్నట్టు తల ఆడించి మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి పక్కనే నిలబడి చూశాను. పి. హెచ్. ఓ. మళ్ళీ ఓ. ఎన్. ఈ. మళ్ళీ ఈ.

దీర్ఘం ఎక్కడుంటే అక్కడ రెండుసార్లు.

ఫోన్ తెరుచుకుంది. తుడిచి కొత్తగా మొదలుపెట్టిన ఫోన్ ఏ మాట పెట్టినా తెరుచుకుంటుంది, ఆయనకు అది తెలియదు. తన తాళం తనే తీశాననుకున్నాడు. ముఖంలో ఎడమ సగం నవ్వింది. ఫోన్ నా చేతికిచ్చి, చదవమన్నట్టు వేలు ఊపి, కళ్ళు మూసుకున్నాడు.

ఖాళీ పేజీ ఒకటి తెరిచి చదివాను. "ఫోనే అంటే గొంతు." ఆయన తల ఊపాడు. "ఐకోన్ అంటే ప్రతిమ." పేజీ తిప్పుతున్నట్టు ఖాళీ తెర మీద వేలు పైకి జరిపాను. గిగా చదివాను, నానో చదివాను, ఓడ నడిపేవాణ్ణి చదివాను. పెంకు ముక్కల్ని కూడా చదివాను. మొత్తం పదకొండు మాటలు. అంతకు మించి నేను ఏ శనివారమూ వినలేదు.

ఆయన కళ్ళు తెరవలేదు. వేలు మళ్ళీ ఊపాడు, తర్వాతిది చదవమని.