మొండికేసిన కంప్యూటరూ, మా వదినా

మా ఆసుపత్రిలో మా వదినను అందరూ ‘హలోగారు’ అంటారు. కంప్యూటర్ విభాగానికి రాకముందు ఆమె ఇదే భవనంలో, మెట్ల కింద గదిలో టెలిఫోన్ ఆపరేటరు. మండిపడుతూ ఫోన్ చేసినవాళ్లు కూడా ఆమె ‘హలో’ వింటే సగం చల్లబడేవాళ్లట. తర్వాత ఎవరి గదిలో వాళ్లే నంబరు నొక్కుకునే ఫోన్లు వచ్చాయి. వదిన కుర్చీకి పని లేకుండా పోయింది. ఆమెను స్టోర్స్‌లో దూది కట్టల మధ్య కూర్చోబెట్టారు.

ఇంకొకరైతే జీతం వస్తోంది కదా అని ఊరుకునేవాళ్లు. వదిన సాయంత్రాలు కంప్యూటర్ కోర్సులో చేరింది. “మీ వదిన నెట్‌వర్కులు నేర్చుకుంటోంది, నేను కూరలు మాడ్చడం నేర్చుకుంటున్నా” అని మా అన్నయ్య నవ్వేవాడు. కోర్సు ముగిశాక పరీక్ష రాసి, ఇంటర్వ్యూలో నెగ్గి కంప్యూటర్ విభాగానికి మారింది. ఆమె ఎంత పనిమంతురాలో ఇంట్లో మాకు సరిగా తెలియలేదు. నాకు తెలిసింది మా ల్యాబ్‌ను కొత్త గదుల్లోకి మార్చిన రోజున.

నేను రక్తపరీక్షల ల్యాబ్‌లో టెక్నీషియన్ని. కొత్త గదిలో అన్నీ సర్దుకున్నాయి గానీ, ఫలితాలు ఎక్కించాల్సిన కొత్త కంప్యూటర్ మాత్రం ఆసుపత్రి డొమైన్‌లో చేరనని భీష్మించింది. డొమైన్ అంటే ఆసుపత్రి కంప్యూటర్లన్నిటికీ కలిపి ఒకే ఇల్లు. ఎవరిని లోపలికి రానివ్వాలో, ఎవరికి ఏది చూపించాలో అన్నీ ఒక పెద్ద సర్వర్ చూసుకుంటుంది. ఆ ఇంట్లో చేరని కంప్యూటర్‌లో మేం ఏం రాసినా వార్డులో కనబడదు. దాంతో ఫలితాలన్నీ కాగితాల మీద రాసి, మెట్లెక్కి వార్డులకు మోసుకెళ్లడం మొదలైంది. ఆ ఉదయమే ఒక కాగితం పక్క వార్డుకు వెళ్లిపోయింది. అక్కడి నర్సు పేరు చూసి వెనక్కి పంపింది కాబట్టి సరిపోయింది. అది విన్నాక ప్రతి కాగితం మీదా పేరు రెండేసిసార్లు చూసుకుని పంపాం.

కంప్యూటర్ అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే, విండోస్ మొత్తం తీసేసి మళ్లీ వేసుకోమన్నారు. అప్పుడే వదిన భుజాన సంచితో లోపలికి వచ్చింది.

“జబ్బేంటో చూడకుండానే కత్తి పట్టుకోమంటున్నారా?” అంది.

ముందు కంప్యూటర్‌లో తీగ గుచ్చే నెట్‌వర్క్ కార్డు మీద అనుమానపడింది. కొత్తది తెచ్చి తగిలించింది. తెర మీద మళ్లీ అదే మాట: డొమైన్ కంట్రోలర్‌ను, అంటే ఆ పెద్ద సర్వర్‌ను, సంప్రదించలేకపోయాం.

“నా అంచనా తప్పింది” అని పాత కార్డునే తిరిగి పెట్టేసింది.

“అది మార్చినట్టే ఉంచొచ్చు కదా వదినా?”

“ఒకసారికి ఒకటే మార్చాలమ్మాయ్. అన్నీ కదిపేస్తే రేపు ఏది నయం చేసిందో మనకే తెలీదు.”

మా ల్యాబ్ పెద్ద డాక్టరుగారు దగ్గరికి వచ్చారు. “ఇంటర్నెట్ బ్రహ్మాండంగా వస్తోందమ్మా. అంటే నెట్‌వర్క్ బాగున్నట్టే కదా?”

“మంచి మాట చెప్పారు సార్” అంది వదిన. “బయటికి వెళ్లగలుగుతోంది, మన ఇంట్లోకే రాలేకపోతోంది.”

తెర మీద నల్లటి కిటికీ తెరిచి ఏదో టైప్ చేసింది. వచ్చిన అంకెలు చూసి నన్ను పిలిచింది. “ఇదిగో చూడు. మన కంప్యూటర్లన్నీ దారి తెలియకపోతే మన సర్వర్‌నే అడగాలి. ఇది ఇంకెవరినో అడుగుతోంది. వాళ్లకి ఊరంతా తెలుసు, మన ఇల్లు మాత్రం తెలీదు.”

ఆ ‘ఇంకెవరో’ ఎవరో కనుక్కోవడానికి కొంగు బిగించి బల్ల కింద దూరింది. కంప్యూటర్ తీగను పట్టుకుని పాక్కుంటూ వెళ్లి, బీరువా వెనక నుంచి మిణుకుమిణుకుమంటున్న ఒక తెల్ల పెట్టెను బయటికి తీసింది. ఇళ్లల్లో వైఫై కోసం పెట్టుకునేది.

డాక్టరుగారి ముఖం కందిపోయింది. “అది నాదేనమ్మా. గోడకు నెట్‌వర్క్ ప్లగ్గు ఒక్కటే ఉంది, ప్రింటర్‌కూ కావాలి కదా అని ఇంటినుంచి తెచ్చా…”

ఇక చీవాట్లు తప్పవనుకున్నాను. వదిన మాత్రం చీర దుమ్ము దులుపుకుంటూ, “గోడకి రెండు ప్లగ్గులు పెట్టించకపోవడం మా తప్పు సార్. లేకపోతే మీకీ తంటా ఉండేదే కాదు” అంది. సంచిలోంచి, ఒకే నెట్‌వర్క్ తీగను రెండు మూడు యంత్రాలకు పంచే చిన్న స్విచ్ తీసి ఆ పెట్టె స్థానంలో పెట్టింది.

ఈసారి కంప్యూటర్ పేరూ పాస్‌వర్డూ అడిగింది. మేం చప్పట్లు కొట్టబోయాం.

“ఆగండి, ఇంకా గడప దాటలేదు” అంది వదిన. ఆమె అన్నట్టే పాస్‌వర్డ్ కొట్టగానే కొత్త అభ్యంతరం వచ్చిపడింది: ఈ యంత్రానికీ సర్వర్‌కూ సమయం కలవడం లేదు. చూస్తే తెర మూలన తేదీ ఎప్పటిదో. చాలాకాలం గోదాములో పడి ఉండటంతో లోపలి చిన్న బ్యాటరీ చచ్చిపోయింది.

“గడియారం అంత తేడాగా ఉంటే మన సర్వర్ నమ్మదు. దొంగ చీటీ అనుకుంటుంది” అంటూ మూత విప్పి, బ్యాటరీ మార్చి, సమయం సరిచేసింది. మళ్లీ పాస్‌వర్డ్ కొట్టింది. డొమైన్‌లోకి స్వాగతం అని తెర మీద కనబడేసరికి డాక్టరుగారే ముందుగా చప్పట్లు కొట్టారు.

కంప్యూటర్ ఆగి మళ్లీ మొదలయ్యాక నేను మొదటి ఫలితం ఎక్కించాను. కాసేపటికి పై వార్డు నర్సు ఫోన్ చేసింది.

“ఆ పెద్దాయన రిపోర్టు కాగితం ఎప్పుడు పంపుతారక్కా? డాక్టర్ ఎదురుచూస్తున్నారు.”

“పంపేశాం. నీ ముందున్న తెర చూడు.”

“అయ్యో, ఇక్కడే ఉందే!” అంది, ఫోన్ పెట్టకుండానే డాక్టరును కేకేసింది.

నేను సంబరంగా వెనక్కి తిరిగేసరికి వదిన గదిలో లేదు. గుమ్మం బయట ఎలక్ట్రీషియన్‌ను పట్టుకుని, ప్రింటర్‌కు ఇంకో నెట్‌వర్క్ ప్లగ్గు గోడలో ఎక్కడ రావాలో చేతులు తిప్పుతూ చెబుతోంది. మోచేతికి బూజు అంటుకుని ఉంది. ఆ సంగతి ఆమె గమనించనేలేదు.