తాతను వెతుక్కుంటూ రుద్రూర్ దాకా

మా బాపు తన తండ్రిని చూడలేదు. బాపు ఇంకా అవ్వ కడుపులో ఉండగానే, రుద్రూర్ వైపు చెరుకు తోటలో నీళ్ళు కడుతున్న తాతను పాము కరిచింది. పురిటికని నిజామాబాద్‌లో పుట్టింటికి వచ్చిన అవ్వకు కబురు అందేసరికే అక్కడ పూడ్చిపెట్టేశారు. మా వాళ్ళలో కాల్చడం లేదు, పూడ్చడమే. నిండు చూలాలిని ఎవరూ ప్రయాణం చేయనివ్వలేదు. బాపు పుట్టాక, "తండ్రిని మింగి పుట్టిండు" అని అత్తగారు అన్నదని ఎవరో వచ్చి చెప్పారు. ఆ మాటతో అవ్వ ఇక అటు మొహం తిప్పలేదు. బీడీలు చుట్టి కొడుకును పెంచింది.

ఏటా పెత్రమాస నాడు, అంటే భాద్రపద అమావాస్యకు, పెద్దల పేరున బియ్యం ఇచ్చి వచ్చాక బాపు వాకిట్లో ఒక్కడే కూర్చునేవాడు. ఒకసారి నాతో అన్నాడు.

"అందరు ఆళ్ళ పెద్దల గోరీల కాడ దీపం పెడ్తరు బిడ్డా. మా బాపు యాడున్నడో సుత నాకు తెల్వది."

వయసులో ఉన్నప్పుడు వెళ్ళి వెతికాడట. ఎవరూ ఏమీ చెప్పలేకపోయారు. అవ్వను అడిగితే, "అది ఊరా ఏంది? తోటల నడుమ గుడిసెలు. పని యాడుంటే గుడిసె ఆడికే" అనేది.

నేను ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పే రోజుల్లో, ఓటర్ల జాబితాలు ఇంటర్నెట్‌లో పెట్టారని స్టాఫ్‌రూమ్‌లో ఎవరో అన్నారు. మా ఇంటిపేరు అరుదైనది. తాతకు ఒక తమ్ముడు ఉండేవాడని అవ్వ చెప్పింది. ఆదివారం బస్టాండ్ దగ్గరి ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్ళాను. తెలుగు అక్షరాలన్నీ డబ్బాలు డబ్బాలుగా కనిపించాయి. సెంటర్ నడిపే ఆయన ఫాంటు ఏదో ఎక్కించాక చదవడం కుదిరింది. రుద్రూర్ చుట్టుపక్కల ఊళ్ళ జాబితాలు ఒక్కొక్కటే తెరిచాను. పెద్ద ఫైలయితే సగంలో ఆగిపోయేది, మళ్ళీ మొదలుపెట్టేదాన్ని.

మొదట చందూర్‌లో మా ఇంటిపేరు దొరికింది. బాపూ నేనూ ఆశగా వెళ్ళాం. వాళ్ళది వేరే గోత్రమట. అన్నం పెట్టి పంపారు. తిరుగు బస్సులో బాపు, "ఇగ సాలు బిడ్డా" అన్నాడు. నేను ఊరుకోలేకపోయాను. కొన్ని వారాల తర్వాత ఇంకో ఊరి జాబితాలో ఒక ముసలాయన పేరు కనిపించింది. ఇంటిపేరు మాదే. తండ్రి పేరు చోట అవ్వ చెప్పిన మా ముత్తాత పేరుంది. ఆ కాగితం ప్రింటు తీయించుకుని ఇంటికి దాదాపు పరుగెత్తాను.

మేము వెళ్ళేసరికి ఆ పెద్దాయన వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. బాపు గేటు తీసుకుని నడిచి వస్తుంటే కళ్ళు చిట్లించి చూశాడు.

"మా అన్న నడక గిది" అన్నాడు. "నువ్వు నిజాంబాద్ వదిన కొడుకువా?"

బాపు తలూపాడు. చిన్నతాత పక్కన కూర్చోబెట్టుకుని చెయ్యి పట్టుకున్నాడు.

"మా అమ్మ ఆ మాట అన్నది నిజమే కొడుకా. కొడుకు పోయిన దుఃఖంల అన్నది. తర్వాత మన్మణ్ణి సూడాలె, తోల్కరా అని ఒకటే ఏడ్సేది. నేను నిజాంబాద్ వచ్చిన. మీరు ఇల్లు మారిండ్రు, యాడికి పోయిండ్రో తెల్వదన్నరు."

తర్వాత పొలానికి తీసుకెళ్ళాడు. చెరుకు మడి చివర రాయి, దాని చుట్టూ గట్టు.

"తోట అమ్మకానికి వచ్చినప్పుడు అన్న ఉన్న ముక్కనే కొన్న" అన్నాడు.

బాపు చెప్పులు విడిచి మట్టి మీద అరచెయ్యి పెట్టి కూర్చున్నాడు. కాసేపటికి తలెత్తి, "వానకాలం నీళ్ళు ఈడికి రావు గద?" అని అడిగాడు.

"రానిస్తనా? గందుకే గట్టు ఏసిన."

అప్పుడు ఏడ్చాడు బాపు. ఆయన ఏడవడం నేను చూడటం అదే మొదలు.

ఇంటికొచ్చి చెబితే అవ్వ అడ్డం రాకుండా అంతా విన్నది. అత్తగారు మనవడి కోసం ఏడ్చిందన్న చోట మాత్రం కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. చివరికి బీడీల చాట పక్కకు జరిపి, "ఎప్పుడు పోదాం?" అంది.

మళ్ళీ వెళ్ళినప్పుడు, వాకిట్లో అవ్వను చూసి చిన్నతాత లేచి నిలబడ్డాడు. అవ్వ కొంగు తల మీదికి లాక్కుంటూనే, "గడ్డం సుత రాని పోరనివి, గింత ముసలోనివి ఎట్లయితివయ్యా?" అంది. ఇద్దరూ నవ్వారు. సమాధి దగ్గర అవ్వ దీపం పెట్టి, కొబ్బరికాయ కొట్టి, తనలో తాను ఏదో చెప్పుకుంది. మేము దూరంగా నిలబడ్డాం.

ఆ ఎండాకాలం చిన్నతాత మనవరాలి పెళ్ళి కుదిరింది. పిలవడానికి ఆయనే నిజామాబాద్ వచ్చి, బాపు నుదుట బొట్టు పెట్టి, "మా ఇంట్ల ఇప్పుడు పెద్దకొడుకువు నువ్వే. నువ్వు రానిది పెండ్లి మొదలుపెట్టం" అన్నాడు.

పెళ్ళికి వారం ముందే బాపు బయలుదేరాడు.