ఆయన ఎన్నికల్లో మా అమ్మ

మా ఆయన రాజకీయాల్లోకి వస్తారని ఎవరైనా చెప్పి ఉంటే నవ్వేదాన్ని. అపార్ట్‌మెంట్ మీటింగంటేనే తలనొప్పని పడుకునే మనిషి.

నా కాన్పుకని మా అమ్మ న్యూజెర్సీ వచ్చింది. రోజూ సాయంత్రం చీర మీద స్వెట్టర్ వేసుకుని, నా పాత బూట్లు తొడుక్కుని వాకింగ్‌కి వెళ్ళేది. మా కాంప్లెక్స్ ఎదురుగా రోడ్డు దాటడానికి సిగ్నల్ లేదు. పాపకి మూడు నెలలు నిండగానే అక్కడ ఒక కారు అమ్మని గుద్దేసింది. అక్కడికక్కడే పోయింది. నాకు ఏడుపు రాలేదు. పాలసీసాలు కడుగుతూ ఉండిపోయాను.

ఆయన మాత్రం సిగ్నల్ కావాలని టౌన్‌షిప్, అంటే ఇక్కడి మునిసిపాలిటీ, మీటింగులకి తిరగడం మొదలుపెట్టారు. మైకు దగ్గర రెండు మాటలు మాట్లాడనిచ్చి, థాంక్యూ చెప్పి పంపేవారు. విసుగెత్తి కౌన్సిల్‌కి తానే నిలబడ్డారు. అప్పటికి మాకు సిటిజన్‌షిప్ వచ్చింది.

మనవాళ్ళంతా క్లబ్‌హౌస్‌కి వచ్చి బిర్యానీ తిన్నారు. "మా సపోర్ట్ మొత్తం మీకే అన్నయ్యా, గెలిచేసినట్టే!" అన్నారు. తీరా చూస్తే దాదాపు అందరూ వీసాల మీద ఉన్నవాళ్ళే. ఓటు లేదన్న సంగతి వాళ్ళకీ గుర్తు రాలేదు, చప్పట్ల హడావుడిలో మాకూ తట్టలేదు. చిత్తుగా ఓడిపోయారు.

రెండోసారి నిలబడ్డప్పుడు ఓట్లున్న అమెరికన్ల తలుపులు తట్టాం. భార్య పక్కనుంటే బాగుంటుందన్నారని నేనూ వెళ్ళాను. మొదట్లో ఆయన "మా అత్తగారు ఈ రోడ్డు మీదే పోయారు" అని చెప్పేవారు. ప్రచారం పనులు చూసే ఒకావిడ సలహా ఇచ్చింది, అత్తగారంటే ఇక్కడ జనానికి జోకులే గుర్తొస్తాయి, అమ్మ అని చెప్పమని. ఆయనకి తల్లి చిన్నప్పుడే పోయింది.

"తప్పేముంది? నాక్కూడా అమ్మలాంటిదే కదా ఆవిడ," అన్నారు నాతో.

సరేనన్నాను. కోపం రావాల్సింది. రాలేదు.

ఆ తర్వాత ప్రతి గుమ్మంలోనూ మా అమ్మ ఆయన అమ్మయింది. వాళ్ళు "సారీ" అంటూ ఆయన చెయ్యి పట్టుకునేవారు. నేను డోర్‌మ్యాట్ మీది అక్షరాలు చదువుకుంటూ నిలబడేదాన్ని. ఒక ముసలావిడ నాకేసి తిరిగి, మీ అత్తగారు మిమ్మల్ని బాగా చూసుకునేదా అని అడిగింది. చూసుకునేదన్నాను.

గెలిచారు. ప్రమాణం చేసేటప్పుడు భగవద్గీత నేనే పట్టుకున్నాను. ఫొటోలో నవ్వాను కూడా. ఏడాది తిరక్కుండానే సిగ్నల్ పడింది.

బడులు తెరిచాక ఒకరోజు పాపని తీసుకుని అక్కడికి వెళ్ళాను. రోడ్డు దాటడానికి సిగ్నల్ స్తంభం మీదుండే బటన్ తనే నొక్కింది.

"అమ్మా, డాడీ వాళ్ళ మదర్ ఇక్కడేనా చనిపోయింది?" అంది.

మూడు నెలలు దాన్ని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నలుగు పెట్టింది మా అమ్మ. "కాదు, మా అమ్మ" అని చెప్పడానికి నోరు తెరిచాను. ఈలోగా కార్లన్నీ ఆగాయి. పాప నా చెయ్యి పట్టుకుని లాగింది. చెప్పకుండానే రోడ్డు దాటేశాను.