ఎర్ర బొట్టున్న మానిటర్

తాండూరులో మా బిడ్డ ఇంట్లో టీవీ కింద బండ, గ్యాసు పొయ్యి కింద బండ, బియ్యం డబ్బా కింద బండ. ఆ ఊళ్ళో ఏ సామాను కొన్నా దాన్ని ఒక నున్నటి బండ మీదికి ఎక్కించాకే అది ఇంటిదైనట్టు. అందుకే ఫంక్షన్ హాలు మైకు గదిలో కొత్త మానిటర్లు పెట్టాలని అనుకున్నప్పుడు మా అల్లుడు ముందుగా తెచ్చింది మానిటర్లు కాదు, బండలు.

ఆ మైకు గది హాలుకు వెనక వైపు, నాలుగు మెట్లు ఎక్కితే వస్తుంది. స్టేజీ కనపడేటట్టు హాలు వైపు ఒక కిటికీ ఉంది. ఇదివరకు వంట గుండిగలు దాచేవాళ్ళట. ఇప్పటికీ తలుపు తీస్తే చింతపులుసు వాసన కొడుతుంది. మా అల్లుడిది మైకులు, సౌండు బాక్సుల పని. మా బిడ్డది కంప్యూటర్ పని. పెళ్ళివాళ్ళ ఫోటోలు, పాటల మాటలు స్టేజీ పక్కన గోడకున్న తెల్ల తెర మీద పడేటట్టు చేస్తుంది.

అప్పటిదాకా కంప్యూటర్‌కు ఒక్కటే మానిటర్. దాంట్లో ఏది కనపడితే గోడ మీద కూడా అదే. ఫోటో వెతుకుతుంటే బాణం గుర్తు పోయి పెళ్ళికూతురి నాయనమ్మ ముక్కు మీద తిరిగేది, హాలంతా చూసేది. ఒకసారి ఎవరిదో నిశ్చితార్థానికి ఫోటోల సంచి తెరవబోతే, మా బిడ్డ ఇంట్లో సగం చూసి ఆపిన వీడియో తెరుచుకుంది. నడుము కొవ్వు తగ్గే వ్యాయామం. పెళ్ళికొడుకు తల్లికి కోపం వచ్చింది, తన గురించే పెట్టారని.

అప్పుడే హాలు పటేలు మాట తేల్చేశాడు. పొలాలున్న మనిషి, పైగా హాలు కూడా ఆయనదే. "చూడు బిడ్డా, వచ్చే పెండ్లి మా అక్క కొడుకుది. గోడ మీద ఒక్క తేడా వచ్చినా హైదరాబాద్ వాళ్ళను పిలుచుకుంట. మంచిగ అయితే గీ మైకు గది మీదే."

మా బిడ్డకు ఆ గది దొరకడం అంటే చిన్న సంగతి కాదు. లేకపోతే ఆ బాక్సులన్నీ ట్రాలీ ఆటోలో వేసుకుని దౌల్తాబాద్ ఒక దినం, కొడంగల్ ఒక దినం తిరగాలి. ఎక్కడ దించుతారో, ఎప్పుడు తింటారో వాళ్ళకే తెలియదు. గది వాళ్ళదైతే బాక్సులు ఒక్క చోట ఉంటాయి, వీళ్ళూ వేళకు ఇంత తింటారు. అందుకని మానిటర్లు ఎక్కువ పెట్టాలని పట్టుబట్టింది. రెండు తాండూరులోనే కొన్నది, కవల పిల్లల్లాగా ఉన్నాయి. మూడోది చిన్నది, వికారాబాద్‌లో తను కంప్యూటర్ నేర్చుకున్న చోట మూలకు పడేస్తే అడిగి తీసుకున్నది. దాన్ని తెచ్చే పని నాది.

నేను దాన్ని బొంతలో చుట్టి, ఒడిలో పెట్టుకుని రైలెక్కాను. ధారూర్‌లో కరివేపాకు గంపతో ఒకామె ఎక్కి నా పక్కనే కూర్చున్నది. కూర్చున్నప్పటి నుంచి బొంత మీదే చూపు.

"ఏంది వదినె, టీవీనా?"

"టీవీ గాదు, మానిటరు."

"దాంట్ల సీరియల్ వస్తదా?"

"రాదు."

"వార్తలన్న వస్తయా?"

"గవి గూడ రావు. మనం ఏం పెడితే గదే వస్తది."

ఆమె గంపను కాళ్ళ మధ్యకు జరుపుకుంది. "మనం పెట్టిందే వచ్చేదానికి ఇంక చూసుడెందుకు వదినె?" అని అడిగింది.

నేను బొంతను ఇంకా దగ్గరికి లాక్కుని తాండూరులో దిగాను.

గదిలో బల్ల వేసి, బల్ల మీద బండలు వేసి, బండల మీద కవల మానిటర్లు నిలబెట్టారు. మా బిడ్డ నాకు అర్థమయ్యేటట్టు చెప్పింది. ఒక దాంట్లో గోడ మీద పడేది కనపడుతుంది. ఇంకోటి తన సొంతం, దాంట్లో ఏం వెతుక్కున్నా జనానికి కనపడదు. నేను తెచ్చిన చిన్నది స్టేజీ కింద, పాట పాడే మనిషి ఎదుట పెట్టాలి. పాట మాటల కోసం అతను ప్రతిసారీ గోడ వైపు మెడ తిప్పక్కర్లేదు.

వైర్లన్నీ పెట్టి కంప్యూటర్ వేస్తే బాణం గుర్తు మాయమైంది. ఇదివరకు ఒకటే దొడ్డిలో తిరిగినది, ఇప్పుడు మూడు దొడ్లు దొరికితే ఊరుకుంటుందా.

"నీ దాంట్ల ఉన్నదా?" అన్నాడు అల్లుడు.

"లేదు. గోడ దాంట్ల గూడ లేదు. జర స్టేజీ కాడికి పోయి చూడు."

అతను మెట్లు దిగి ఉరికాడు. స్టేజీ కింది నుంచి కేక పెట్టాడు. "ఈడున్నది! ఈడున్నది! కదుల్తలేదు!"

"గాడనే ఉండు, నేను మలుపుత!"

మాది గొర్లు కాసిన వంశం. మా అల్లుడు ఆ చిన్న మానిటర్ ముందు రెండు చేతులూ చాపి, కాళ్ళు ఎడంగా పెట్టి, తప్పిపోయిన గొర్రెపిల్లను అడ్డగించినట్టు నిలబడ్డాడు. బాణం అతని పొట్ట వెనకాల నుంచి తప్పించుకుని పైకి వచ్చింది. "వచ్చింది, వచ్చింది, అడ్డం జరుగు!" అని మా బిడ్డ అరిచింది.

ఇక ఒకటే తిప్పలు మిగిలింది. కవలల్లో ఏది గోడది, ఏది సొంతది అని. మా బిడ్డ తన నుదుటి మీది ఎర్ర బొట్టుబిళ్ళ తీసి ఒక మానిటర్ మూలకు అంటించింది. "ఎర్ర బొట్టు ఉన్నది గోడది. ఉత్తది నాది. అయిపాయె."

పెళ్ళినాడు పొద్దున్నే పటేలు గది చూడ్డానికి వచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు.

"గిదేంది, పడమటి దిక్కు మొకం పెట్టి కూసున్నవు? పని చేసే మనిషి తూర్పుకు చూడాలె. బల్ల తిప్పు."

"పటేలా, స్టేజీ పడమటికే ఉన్నది. తూర్పుకు తిరిగితే హాలంత నా ఎనక పడ్తది."

"పడనియ్యి. ఎదురుంగ రెండు పెట్టుకున్నవు గద. ఇంక కిటికీల నుంచి చూసుడెందుకు?"

నాకు కరివేపాకు ఆమె గుర్తొచ్చింది. ఆమె అడిగినట్టే ఇతనూ అడుగుతున్నాడు. బల్ల తిప్పాం. బండలు ఎత్తి, మానిటర్లు ఎత్తి మళ్ళీ పెట్టేసరికి కుడిది ఎడమకు పోయింది. "ఏ దిక్కున్న ఫికర్ లేదు, బొట్టున్నది గద," అన్నది మా బిడ్డ.

పటేలు ఇంకో పని కూడా చెప్పాడు. మా వైపు పెళ్ళిళ్ళలో బంతి మీద తినేవాళ్ళ కుర్చీ వెనకాల, తరువాత తినేవాళ్ళు నిలబడి ఉంటారు. ఎప్పుడు లేస్తారా అని పైనుంచి చూస్తుంటే ముద్ద దిగదు. అది ఆపాలని పటేలు భోజనాల గదిలో కెమెరా పెట్టించాడు. మా బిడ్డ తన సొంత మానిటర్‌లో ఆ గదిని చూస్తూ, బంతి ఖాళీ కాగానే మైకులో చెప్పాలి. తర్వాత పటేలు తనే మైకు తీసుకుని జనంతో అన్నాడు. "అందరు మంచిగ తిని పోవాలె. ఆఖరి చుట్టం తినేదాక నేను మంచినీళ్ళు గూడ ముట్ట."

అందరూ చప్పట్లు కొట్టారు.

పుస్తె కట్టడం అయింది. మా బిడ్డ ఒకసారి స్టేజీ దాకా పోయి పాటగాడి మానిటర్ చూసుకుని వచ్చింది. నేను అప్పుడే టీ కోసం కిందికి పోయి వచ్చాను. ఇద్దరం వచ్చేసరికి పెళ్ళికొడుకు ఫోటోల పెన్‌డ్రైవ్ బల్ల మీద పెట్టి ఉంది, వాళ్ళ అమ్మ వచ్చి పెట్టిపోయిందన్నమాట. మా బిడ్డ కూర్చుని మానిటర్లను లేపింది. బొట్టున్న దాంట్లో ఫోటోలు వేసింది. ఉత్త దాంట్లో భోజనాల గది పెట్టుకుంది. హాలుకు మా ఇద్దరి వీపులు.

మొదటి ఫోటోలో పెళ్ళికొడుకు ఏడాది పిల్లాడు, తొట్టిలో బట్టల్లేకుండా కూర్చుని సబ్బు నాకుతున్నాడు. వెనక హాలు గొల్లుమన్నది.

"చూసినవా అమ్మా, ఎట్ల నవ్వుతున్నరో! మస్తు నచ్చింది," అని మా బిడ్డ ఆ ఫోటోను అట్లాగే ఉంచింది. నవ్వు ఇంకా పెరిగింది. రెండో ఫోటో, బడి బట్టల్లో. ఈలలు కూడా మొదలైనాయి. నాకు కూడా సంతోషమే, హైదరాబాద్ వాళ్ళు ఇట్లా నవ్వించగలరా అని.

మూడోది పెళ్ళికొడుకు తాత. చనిపోయిన మనిషి, ఫోటోకు దండ కూడా ఉంది. హాలు పొట్టలు పట్టుకుని నవ్వుతున్నది.

మా బిడ్డ చెయ్యి ఆగింది. "తాత ఫోటోకు నవ్వుడేందమ్మా?"

అంతలో స్టేజీ మీద మా అల్లుడు మైకు లాక్కున్నట్టున్నాడు. పెళ్ళాం పేరు నలుగురిలో పిలిచే అలవాటు మా ఇండ్లల్లో లేదు. హాలంతా మోగిపోయేటట్టు, "ఓయ్! ఇగో! నిన్నే! ఎన్కకు చూడు!" అన్నాడు. హాల్లో ఉన్న ఆడవాళ్ళందరూ వెనక్కి తిరిగి చూశారు. మేము కూడా చూశాం.

గోడ నిండా పటేలు. భోజనాల గదిలో మూల మేజాబల్ల దగ్గర, చొక్కా చేతులు మడిచి, మూలుగున్న నల్లి బొక్కను పళ్ళెం మీద టకటక కొట్టి, ఒక కన్ను మూసి దాంట్లోకి చూసి, నోట్లో పెట్టి పీలుస్తున్నాడు. అంత పెద్ద తెర మీద బొక్క మనిషంత ఉంది. చుట్టూ కుర్చీలన్నీ ఖాళీ.

"బంతి ఖాళీ ఉన్నదిరో!" అని ఎవరో అన్నారు. సగం హాలు లేచి భోజనాల వైపు పోయింది.

మా బిడ్డ కంప్యూటర్ మీదికి వంగింది. దొరికింది దొరికినట్టు మూసేసింది. గోడ నీలం రంగులో మిగిలింది. "అయిపాయె అమ్మా. గది పోయింది," అని ముఖం కొంగులో పెట్టుకుంది.

పటేలు మెట్లెక్కి వచ్చాడు. మీసానికి ఒక మెతుకు ఉంది. "ఏమ్మా, నీ గోడకు నేనే దొరికిన్నా?"

"నేను బొట్టున్న దాంట్లనే ఫోటోలు పెట్టిన పటేలా..."

"బొట్టేంది?"

ఆయన వెనకాలే పెళ్ళికొడుకు తల్లి, అంటే పటేలు అక్క, నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకుని ఎక్కి వచ్చింది. నుదుటన గుండ్రంగా ఎర్ర బొట్టు. మా బిడ్డ ఆ నుదురు చూసింది, మానిటర్ చూసింది, మళ్ళీ నుదురు చూసింది.

"గా బొట్టు ఏడిది పెద్దమ్మా?"

"గీడనే ఉండె బిడ్డా. నాది చెమటకు ఊడొస్తుండె. అద్దానికి మంచిది అంటిచ్చి ఉన్నదని తీసి పెట్టుకున్న. పాతది పక్క అద్దానికి అంటిచ్చిన."

"అది అద్దం గాదు పెద్దమ్మా."

"నా మొకం కనవడ్డది గద!"

ఆరిపోయి నల్లగా ఉన్న మానిటర్‌లో కనపడే ఉంటుంది. అద్దం ముందు నిలబడ్డ ఆడమనిషి చెయ్యి ఊరుకుంటుందా? నేనైనా అదే చేసేదాన్ని. పటేలు అక్కను తిట్టలేడు, ఆమె కొడుకు పెళ్ళి.

అక్క వదిలిపెట్టలేదు. "ఆఖరి చుట్టం తిన్నంక తింటనంటివి గదరా తమ్ముడా?"

"ఉప్పు చూసిన."

"నల్లి బొక్కల ఉప్పు చూస్తరా?"

అప్పుడే కిందినుంచి ఒక పెద్దమనిషి కిటికీ వైపు చెయ్యి ఊపుతూ అరిచాడు. "ఓ పటేలా! గా బొమ్మ మళ్ళ పెట్టమను! ఎన్ని కుర్చీలు ఖాళీ ఉన్నయో ఈడ కూసునే చూసుకుంటం. తినేటోళ్ళ నెత్తి మీద నిలవడే బాధ తప్పింది!"

"పెట్టుండ్రి, పెట్టుండ్రి!" అని ఇంకో నలుగురు అన్నారు.

పటేలు మీసం తుడుచుకున్నాడు. కిటికీలో నుంచి తల బయట పెట్టి, "నేనే పెట్టియ్యమన్న! ఎట్లున్నది నా ఆలోచన?" అన్నాడు. తల లోపలికి తీసుకుని మా బిడ్డతో మెల్లగా అన్నాడు. "ఇగ ప్రతి పెండ్లికి గిట్లనే. కొంచెంసేపు ఫోటోలు, కొంచెంసేపు బంతి."

"ప్రతి పెండ్లికా పటేలా? అంటే..."

"ప్రతి పెండ్లికంటే ప్రతి పెండ్లికే. గీ బొట్ల లెక్క హైదరాబాద్ వాళ్ళకు ఏం సమజైతది? బాక్సులు ఈడనే ఉంచుకోండ్రి." మెట్లు దిగుతూ మళ్ళీ ఆగాడు. "గా మూల మేజా దిక్కు మాత్రం కెమెరా రావద్దు."

మా బిడ్డ ఆ దినం బంతి మీద కూర్చుని, ఎవరూ వెనక నిలబడకుండా, నింపాదిగా రెండుసార్లు పెట్టించుకుని తిన్నది.

ఇప్పుడు గోడ మానిటర్‌కు గోళ్ళ రంగుతో గుర్తు పెట్టింది. బొట్లు కావాల్సిన వాళ్ళ కోసం తలుపు పక్కన మొలకు ఒక కొత్త పాకెట్ వేలాడదీసింది. అయినా పైకి వచ్చిన ఆడవాళ్ళు పాతవి మానిటర్లకే అంటించి పోతారు. రెండింటి అంచులూ నిండిపోయాయి. బల్ల ఇప్పటికీ తూర్పుకే ఉంది.

ఏ పెళ్ళికి పోయినా నేను ఆ గోడ వంక చూస్తుంటాను. భోజనాల గది మొత్తం కనపడుతుంది, ఒక్క మూల తప్ప. అప్పుడప్పుడు తెర అంచు నుంచి ఒక చెయ్యి లోపలికి వస్తుంది. నిమ్మకాయ ముక్క అందుకుని, మళ్ళీ మాయమవుతుంది.