చావింటికి మాత్రమే పిలిచిన అవ్వ

"అక్కా, పక్కింటవ్వ పోయింది. పొద్దున లెయ్యనే లేదు" అని పాకాల నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. తిరుపతిలో నేను ఆఫీసుకు బయల్దేరుతూ చెప్పులు వేసుకుంటున్నాను. ఏడుపు రాలేదు. ఒకటే ఆలోచన పట్టుకుంది. వీధిలో అందరి చావుకూ శోకం పెట్టిన మనిషికి ఇప్పుడు శోకం పెట్టేదెవరు? పాకాల బస్సులో కూర్చున్నా కాలు నిలవలేదు. పక్కనావిడ రెండుసార్లు నా మోకాలి వంక చూసింది.

మీ వైపు ఎలాగో తెలియదు. మా వైపు చావింట్లో ఆడవాళ్లు రాగం తీసి, పోయినవాళ్లు పడ్డ కష్టాలన్నీ చెప్పి ఏడుస్తారు. శోకంలో చెప్పినదానికి ఎవరూ ఎదురు చెప్పకూడదు. ఆ కట్టుబాటును అవ్వ వాడుకున్నట్టు ఇంకెవరూ వాడుకోలేదు.

నేను హైస్కూల్లో ఉండగా మా వీధిలో ఒక కోడలు జ్వరంతో చనిపోయింది. "కన్నకూతుర్లాగా సూసుకున్నాము" అని అత్తగారు వచ్చినవాళ్లందరికీ చెబుతోంది. అవ్వ వచ్చి తలవైపు కూర్చుంది. గొంతు కోసం కలకండ ముక్క, మిరియపు గింజ బుగ్గన పెట్టుకుని రాగం ఎత్తుకుంది.

"జరమొచ్చిన దినము గూడా బోరింగు కాడికి తోలిరే నా తల్లీ... అందురూ తిన్నాక అడుగంటిన కూడు పెట్టిరే నా తల్లీ..."

మగవాళ్లు నేల చూశారు. అత్తగారు లోపలికి పోయింది. శోకం ముగిశాక ఆ ఇంటివాళ్లే అవ్వకు గ్లాసుతో వేడినీళ్లు ఇచ్చారు. ఎక్కడైనా అదే వాడుక. తాగి, ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయింది.

ఆమె నోట "అన్యాయం" అన్న మాట మాత్రం నేనెప్పుడూ వినలేదు. ఎందుకని అడిగాను.

"అన్యాయమంటే ఎవురికి తగల్తాది పాపా? ఆ అత్త గూడా మనతో కల్సి అన్యాయం, అన్యాయమని ఏడుస్తాది. నీళ్లకు తోలినారని సెప్పు. తోలినోళ్లకు తగల్తాది."

అలాగని గోరంత కూడా కలిపేది కాదు. సాధించినవాళ్లను సాధించారనే అనేది, కొట్టారనేది కాదు. ఎత్తిపొడుపు వేరు, చిన్నచూపు వేరు, కడుపు మాడ్చడం వేరు. "లేనిది ఎక్కిస్తే ఉండేది గూడా అబద్దమైపోతాది" అనేది. ఈరోజుకీ ఆఫీసులో ఎవరైనా "కొంచెం ఇబ్బంది పెట్టారు" అంటే, ఏం చేశారో చెప్పమని అడక్కుండా ఉండలేను. ఆ జబ్బు అవ్వ అంటించిందే. అందుకు ఆమెకు రుణపడి ఉన్నాను.

ఆమె మీద కోపమూ వచ్చేది. "బతికున్నప్పుడు అడగవు, పోయాక ఏడిస్తే ఏం లాభం?" అని ఒకసారి అరిచాను.

"బతికుండేటప్పుడు నేనడిగితే దాని వీపున ఇంకో రెండు ఎక్కువ పడతాయి. సచ్చినాక యాడ కొడతారు?" అంది. మళ్లీ, "ఈదిలో ఇంకా కోడండ్లు ఉండారు గదా. వాళ్ల అత్తలు గూడా ఇంటారు" అంది. ఆ జవాబు నాకు సగమే సరిపోయింది. ఇప్పటికీ సగమే.

ఇంత చేసిన మనిషిని ఒక్క పెళ్లికీ పిలిచేవారు కాదు. శోకం పెట్టే నోరు శుభానికి పనికిరాదట! నా పెళ్లికి పిలవమని అమ్మతో పోట్లాడి ఓడిపోయాను. మర్నాడు అమ్మ క్యారియర్‌లో అన్నం, పాయసం పెట్టి పెరటి దారిన పంపింది. అవ్వ తిని, క్యారియర్ కడిగి ఇస్తూ "పాయసం బాగుండాది" అంది. అందరికీ జరిగినదానికి మాట ఉన్న మనిషి, తనకు జరిగినదానికి ఒక్క మాటా అనలేదు. అది తలుచుకుంటే నాకు కుదురుండదు.

నేను వెళ్లేసరికి ఫ్రీజర్ పెట్టె పక్కన స్పీకర్‌లో భజన మోగుతోంది. పిల్లలు లేని మనిషి కనుక వీధివాళ్లే చుట్టూ కూర్చున్నారు. పుణ్యాత్మురాలు అంటున్నారు. ఒకావిడ, "ఆయమ్మకు మన ఈదిలో ఏం తక్కువ సేసినాము?" అంది. నాకు ఆనాటి అత్తగారి గొంతే వినిపించింది. లేచి స్పీకర్ ఆపేశాను. తలవైపు కూర్చోబోతుంటే అమ్మ మోచెయ్యి పట్టుకుంది.

"ఒద్దు పాపా. రేపు నిన్ను గూడా ఎవురూ దేనికీ పిలవరు."

కూర్చున్నాను. నాకు రాగం రాదు. గొంతు వంకర్లు పోయింది.

"సావొస్తే వానలో గూడా పిలిపిస్తిమే నా అవ్వా... పెండ్లయితే పెరటి దారిన కూడు పంపిస్తిమే నా అవ్వా..."

ఎవరూ ఎదురు చెప్పలేదు. చెప్పకూడదు. ఆ పెరడు ఎవరిదో అందరికీ తెలుసు. అమ్మ వైపు చూసే ధైర్యం నాకు లేకపోయింది. ఉన్నదంతా చెప్పాను, లేనిది కలపలేదు.

ఆపేశాక నా భుజం పక్కకు ఒక గ్లాసు వచ్చింది. వేడినీళ్లు. పట్టుకున్నది అమ్మ. "తాగు. గొంతు పోతాది" అంది.

అందరూ చూస్తుండగానే తాగాను. నీళ్ల ఆవిరికి పెట్టె అద్దం మసకబారింది. అమ్మ వంగి, కొంగుతో మెల్లగా తుడిచింది. అవ్వ ముఖం మళ్లీ కనిపించింది.