రేవు గుత్త అసలు ఖరీదు

ధాత నామ సంవత్సరం నాటి కరువు వెళ్ళిపోయి, పెన్న మళ్ళీ నిండుగా పారిన ఏడు నాకు రేవు పిచ్చి పట్టింది. సోమశిల దగ్గర మా ఊరి రేవులో పుట్టి నడిపి జనాన్ని దాటించే హక్కును కచేరీ వాళ్ళు ఏటేటా వేలం పాట పెట్టి గుత్తకు ఇచ్చేవారు. అప్పటి గుత్తదారు ఉదయగిరి నుంచి వచ్చిన ఒక ముసలి సాయిబు. ఒంట్లో బాగాలేక ఏడు మధ్యలోనే వదిలేసి ఇంటికి పోతానన్నాడు. ఆత్మకూరులో మళ్ళీ పాట పెడుతున్నారని దండోరా వేశారు. అది చెవిన పడినప్పటి నుంచి నాకు కూడు సయించలేదు. ఇరవై రెండేళ్ళవాణ్ణి. ఒకరి చేలో కూలికి పోయే బతుకు మాని, ఏటి మీద పెత్తనం చేస్తానని తలుచుకుంటేనే ఒళ్ళు పులకరించేది.

ఇంట్లో ఉన్నది నేను, మా అవ్వ, రెండు ఎద్దులు. నాయన కరువులో పోయాడు. ఆ ఎద్దుల్ని మాత్రం ఇంటి కప్పు మీది బోదగడ్డి పీకి మేపి బతికించుకున్నాం. గుత్త దక్కాలంటే ఇప్పుడు వాటిని సెట్టి దగ్గర తాకట్టు పెట్టాలి. కార్తీకం దాటేలోగా బాకీ తీరకపోతే ఎద్దులు సెట్టివి, మా మెట్టచేను బీడు.

"పాట ఎంతకు పోతాదనేది కాదురా లెక్క," అంది అవ్వ. "మొత్తానికి నీ చేతిలోంచి ఎంత పోతాదో అది చూడు."

అవ్వకు అక్షరం ముక్క రాదు. రెండు ముంతలూ, ఒడినిండా చింతగింజలూ ఇచ్చి నన్ను రేవులో కూర్చోబెట్టింది. కాణీ ఇచ్చి దాటినవాడికి ఒక ముంతలో గింజ, ఊరికే దాటినవాడికి రెండో ముంతలో గింజ. అయిదు రోజులు ఎండకూ వానకూ కదలకుండా కూర్చున్నాను. కచేరీ బంట్రోతులు ఇవ్వరు. టపా మోసేవాడు ఇవ్వడు. మంగలినీ చాకలినీ ఎవరూ అడగరు. అయినా మొదటి ముంత గలగలలాడుతుంటే నా గుండె కూడా అలాగే కొట్టుకునేది.

సాయిబును అడిగి ఖర్చులు కూడా తెలుసుకున్నాను. పుట్టి తోలుకు నూనె, తెడ్డు వేసే ఇద్దరికి కూలీ, సంగటి, మొదటిరోజు గంగమ్మకు పొట్టేలు. గుత్త ఏడాది మొత్తానికి కట్టాలి గాని ఏట్లో నీళ్ళుండేది నాలుగు నెలలే. తర్వాత జనం ఇసుకలో నడిచి పోతారు. అవ్వ గింజలు నేల మీద పోయించి, ఒక్కో ఖర్చుకు కొన్ని పక్కకు నెట్టింది. సెట్టి వడ్డీకి నేను మూడు గింజలు తీస్తే, నా మొహం చూసి ఇంకో రెండు తానే తీసింది. చివరికి గుప్పెడు మిగిలాయి. గుప్పెడైనా మిగులే. నేను దొడ్లోకి పరిగెత్తి ఎద్దు మెడ కావలించుకున్నాను.

సాయిబుతో ఈ సంగతి గొప్పగా చెప్పుకుంటే ఆయన గడ్డం నిమురుకుంటూ నవ్వాడు. "రేపు ఒక్క దినం నువ్వే నడిపి చూడు బాబూ. వచ్చింది నువ్వే తీసుకో."

తెల్లారేసరికి రేవులో ఉన్నాను. మొదటగా ఎక్కింది మా పెద్ద మేనమామ. అవతలి ఒడ్డున దిగి నా భుజం తట్టాడు. "మేలురా అల్లుడా, ఇంక మనకు కాణీ ఖర్చు తప్పినాది," అని నవ్వుకుంటూ పోయాడు. ఆయన సాయిబుకు రోజూ కాణీ ఇచ్చినవాడే. ఆయన పేరున గింజ వేసింది నేనే. ఆయన వెనక చిన్నాయన, అక్క మొగుడు, వరసకు బావలు, వదినలు. అందరూ ఆప్యాయంగా పలకరించి దిగిపోయారు. మా వైపు అయినవాళ్ళను దాటించి డబ్బు అడగడమంటే, ఇంట్లో అన్నం పెట్టి విస్తరికి వెల కట్టినట్టే. పొద్దుగూకేదాకా నాకు కాణీలిచ్చింది ఉదయగిరి కొయ్య గరిటెలు అమ్ముకునేవాళ్ళూ, ఇద్దరు మేకల బేరగాళ్ళూ. అయిదు రోజులూ ఎవరు ఇస్తున్నారో లెక్కపెట్టాను గాని, ఎవరికి ఇస్తున్నారో చూసుకోలేదు. సాయిబు మా ఊళ్ళో ఎవరికీ అల్లుడు కాడు, బావ కాడు.

నా తెలివితక్కువతనానికి నా మీద నాకే మండింది. ఇంటికొచ్చి ముంతలు రెండూ విసిరికొట్టాను. అవ్వ పెంకులు ఏరుతూ అడిగింది.

"నీకు రేవు కావాల్నా, వద్దా?"

"కావాల."

"అయితే పోయి పాట పాడు. చుట్టాల సంగతి నేను చూసుకుంటా."

ఆ రోజు ఆత్మకూరు కచేరీ ముందు నిలబడి పాట పాడాను. ఇంతకు మించి పాడొద్దని అవ్వ చెప్పిన హద్దుకు ఒక్క రూపాయి ఇవతల ఉండగా ఎదుటివాళ్ళు ఆగిపోయారు. గుమాస్తా నా పాటను మూడోసారి కూడా అన్నాడు. రేవు నాదైంది. సోమశిల దాకా నడిచి వచ్చానో, ఎగిరి వచ్చానో నాకే తెలియదు.

మొదటిరోజు పొట్టేలు కోసిన తర్వాత చుట్టాలంతా సరదాగా రేవుకు వచ్చారు. అందరికంటే ముందు అవ్వ పుట్టి ఎక్కింది. ఆమె పక్కన పెద్ద మామ, వెనక మిగతావాళ్ళు. అవతలి ఒడ్డున దిగి అవ్వ కొంగు ముడి విప్పి కాణీ చాపింది.

"తీసుకో."

నా చేయి రాలేదు. "నీ దగ్గరేంది అవ్వా?"

"నా దగ్గర తీసుకోలేనోడివి ఇంకెవురి దగ్గర తీసుకుంటావురా?" అంది, అందరికీ వినబడేట్టు.

నన్ను ఎత్తి పెంచిన చేయి అది. సిగ్గుతో చచ్చిపోతూ తీసుకున్నాను. మామ నా అరచేతిలోని కాణీ వంక కాసేపు చూశాడు. తర్వాత రొండిన దోపుకున్న సంచి తీసి, దాని పక్కన తన కాణీ పెట్టాడు. ఆయన ఇచ్చాక ఇవ్వకుండా దిగిన చుట్టం లేడు.

కార్తీకంలోనే సెట్టి బాకీ తీరింది. సెట్టి దొడ్లోంచి ఎద్దుల్ని తోలుకొస్తూ దారి పొడుగునా పెద్దగా పాడుకున్నాను. అంత ఆనందం నాకు మళ్ళీ పెళ్ళినాడు కూడా కలగలేదు. ఆ రేవు పదేళ్ళు నాదే. పదేళ్ళూ మామ దాటిన ప్రతిసారీ, అడగకముందే నా చేతిలో కాణీ పెట్టాడు. అల్లుడా అని మాత్రం మళ్ళీ పిలవలేదు.