స్మోక్ అలారం మీద షవర్ క్యాప్

దెయ్యాలూ ఆత్మలూ అంటే నాకు ఒళ్ళుమంట. పాతికేళ్ళుగా ఫార్మసిస్టుని. సీసా మీద లేబుల్ లేనిదేదీ నమ్మను. ఎవరైనా ఇలాంటి సంగతులు మొదలుపెడితే మధ్యలో లేచి వెళ్ళిపోయే మనిషిని. ఇప్పుడు నేనే చెబుతున్నాను. మీరు లేచి వెళ్ళిపోయినా ఏమీ అనుకోను.

మాది అమెరికాలో ఎడిసన్. ముప్పై ఏళ్ళ క్రితం నా కాన్పుకి వచ్చిన అమ్మ, ఆ తరవాత మా దగ్గరే ఉండిపోయింది. ఐదడుగులు కూడా ఉండదు, కానీ మా చుట్టాలందరూ ఆవిడ మాటకి ఎదురు చెప్పేవారు కాదు. సన్నీవేల్‌లో కానీ, ఫ్రిస్కోలో కానీ, ఎవరింట్లో పురుడొచ్చినా ముందు అమ్మకి టికెట్ బుక్ చేసేవారు.

బాత్‌టబ్‌లో ప్లాస్టిక్ స్టూల్ వేసుకుని, కాళ్ళు చాపి, వాటిమీద బిడ్డని పడుకోబెట్టుకుని నూనె పట్టించి నీళ్ళు పోసేది. తరవాత జుట్టు ఆరడానికి సాంబ్రాణి పొగ. పొగకి స్మోక్ అలారం మోగుతుంది కదా, దానికీ ఆవిడ దగ్గర ఉపాయముంది. హోటళ్ళలో ఇచ్చే షవర్ క్యాప్‌లు దాచిపెట్టుకునేది. కుర్చీ ఎక్కి, గోడమీది అలారానికి క్యాప్ తొడిగాకే నిప్పు రాజేసేది. మా అమ్మాయి సింధుతో మొదలుపెట్టి అలా పదకొండు మంది పిల్లలు. ఒక్కసారి కూడా అలారం మోగలేదు.

పన్నెండోది నా మనవరాలు. సింధు పురిటికి మా ఇంటికొచ్చింది. బిడ్డకి మూడు వారాలు నిండాక, మొదటిసారి నీళ్ళు పోయడానికి అమ్మ పొద్దున్నే సిద్ధమైంది. పొగ తయారుగా ఉండాలని ముందే నిప్పు రాజేసింది. క్యాప్ మర్చిపోయింది. ఎనభై రెండేళ్ళు మరి.

ఇంకా చెంబుడు నీళ్ళయినా పోయలేదు, అలారం చెవులు చిల్లులు పడేలా మోగింది. బిడ్డ గుక్కపట్టింది. సింధు పరుగెత్తుకొచ్చి బిడ్డని లాక్కుని, “అమ్మమ్మా, పొగ వద్దని డాక్టర్ చెప్పింది కదా! ప్లీజ్, స్టాప్!” అని ఏడ్చింది.

అమ్మ నూనె చేతులతో నిలబడి, “క్యాప్ మర్చిపోయానే” అంది నాతో. సర్దిచెప్పాల్సింది నేను. ఏమన్నానో తెలుసా? “నీ చాదస్తంతో పిల్లని చంపేస్తావా?” అన్నాను. అక్కడితో ఆగానా, సాంబ్రాణి డబ్బా ఆవిడ చూస్తుండగానే తీసుకెళ్ళి చెత్తలో పడేశాను.

ఆ తరవాత అమ్మ బిడ్డని అడగలేదు. ఇస్తే ఎత్తుకునేది, లేకపోతే దూరంగా కూర్చుని చూసేది. నేను తప్పయిందని చెప్పలేదు. అమ్మే కదా, రేపు చెప్పొచ్చులే అనుకున్నాను. ఐదు వారాలకి, మధ్యాహ్నం భోంచేసి పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదు.

ఫ్యూనరల్ హోమ్‌లో సింధు తప్ప మిగతా పదిమందీ ఒక్కొక్కరే లేచి, “నాకు ఫస్ట్ బాత్ ఇచ్చింది అమ్మమ్మే” అని వచ్చీరాని తెలుగులో చెప్పారు. సింధు బిడ్డని పొదువుకుని తల వంచుకుంది. నన్నూ మాట్లాడమన్నారు. ఏ మొహం పెట్టుకుని మాట్లాడను?

కర్మలన్నీ గుడిలోనే చేయించాం. చుట్టాలు వెళ్ళిపోయిన మర్నాడు, పొద్దున్న పదకొండింటికి, అల్లుడు సింధుని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాడు. మావారు ఆఫీస్‌లో ఉన్నారు. ఇంట్లో నేనూ, మేడమీద నిద్రపోతున్న బిడ్డా. తలుపు తాళం నేనే వేశాను.

బేస్‌మెంట్‌లో కూర్చుని అమ్మ చీరలు మడతపెడుతున్నాను. పక్కన బేబీ మానిటర్ ఉంది. శబ్దం మాత్రం వినిపించే రకం, కెమెరా లేదు. అందులోంచి నీళ్ళ చప్పుడు. చెంబుతో పోస్తున్నట్టు, ఆగి ఆగి. బట్టలుతికే వాషర్ వంక చూశాను. అది నడవడం లేదు.

పరుగెత్తుకుంటూ పైకెళ్ళాను. బిడ్డ క్రిబ్‌లో హాయిగా నిద్రపోతోంది. జుట్టు చెమ్మగా ఉంది, సాంబ్రాణి వాసన వేస్తోంది. బాత్‌టబ్ తడిగా ఉంది, అందులో స్టూల్ వేసి ఉంది. అమ్మ గదిలో ఉండాల్సిన కుర్చీ బాత్‌రూమ్ బయట గోడ పక్కన ఉంది. తలెత్తి చూశాను. అలారానికి షవర్ క్యాప్ తొడిగి ఉంది.

సింధు ఇంటికొచ్చి బిడ్డని ఎత్తుకోగానే వాసన పట్టేసింది. “మామ్! నువ్వు కూడానా? బేబీకి ఏమైనా అయితే? ఎన్నిసార్లు చెప్పాలి?” అని అరిచింది. నేను కాదని అనలేదు. అమ్మ నిలబడినట్టే నిలబడి, అన్నీ పడ్డాను. నాకు అలాగే కావాలి.

దుఃఖంలో నువ్వే చేసి మర్చిపోయి ఉంటావంటారు మావారు. ఇంకెవరైనా చెబితే నేనూ అదే అనేదాన్ని. మరి ఇంట్లో లేని సాంబ్రాణి ఎక్కణ్ణుంచి వచ్చింది?

ఆ క్యాప్ నా సొరుగులో దాచుకున్నాను. అప్పుడప్పుడు తీసి చూసుకుంటాను. వచ్చింది అమ్మే అయితే, బిడ్డ కోసమే వచ్చింది. ఈసారి క్యాప్ కూడా మర్చిపోలేదు. నేను కింద ఆవిడ చీరల మధ్యే కూర్చుని ఉన్నాను. ఇరవై ఎనిమిది మెట్లు. దిగి రాలేదు.